కారు వైపర్ నీళ్ళు రావట్లేదంటే సర్వీస్ వాళ్ళు 2,800 అన్నారు, వైజాగ్ కంచరపాలెం మెట్టు దగ్గర మెకానిక్ బాబాయ్ 520కి బాగుచేసి పంపాడు

ముందే చెప్పేస్తున్నా, ఇది పెద్ద షోరూమ్ రివ్యూ కాదు, బోర్డు మీద అక్షరాలు సగం ఎండకి వెలిసిపోయిన ఒక రేకుల షెడ్డు రివ్యూ. కంచరపాలెం మెట్టు దాటాక లోపలికి వెళ్ళే సందులో ఉంటుంది, పేరు రాయను ఎందుకంటే ఆయన్ని అడిగితే "వద్దు బాబూ, ఉన్న జనాలకే టైం సరిపోట్లేదు" అన్నాడు. ఆ చుట్టుపక్కల ఆటోవాళ్ళని "వైపర్ బాబాయ్ షెడ్డు" అంటే చూపిస్తారు.

నా సంగతి ఏంటంటే ఇల్లు ఎన్ఏడీ జంక్షన్ దగ్గర, ఆఫీసు మధురవాడ ఐటీ హిల్ మీద. ఈ రూట్లో రోజూ తిరిగేవాళ్ళకి తెలుసు, పొద్దున వెళ్ళేటప్పుడు ఎండ ఎదురే, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎండ ఎదురే, రెండు పూటలా కళ్ళలోకి కొడుతుంది. అద్దం శుభ్రంగా ఉంటే సన్‌గ్లాస్ పెట్టుకుని నెట్టుకొచ్చేయొచ్చు గానీ అద్దం మీద పల్చగా దుమ్ము పొర ఉండి దాని మీద ఎండ పడిందంటే ముందు లారీ ఉందో గేదె ఉందో తెలీదు. మన ఊళ్ళో ఆ పొరకి కొదవా. పోర్టు వైపు నించి వచ్చే నల్ల దుమ్ము, బీచ్ రోడ్డులో ఒక రాత్రి బండి పెడితే పొద్దునకి జిడ్డుగా అంటుకునే ఉప్పు గాలి, ఎక్కడో ఒకచోట రోడ్డు తవ్వుతూనే ఉంటారు కాబట్టి ఆ ఎర్రమట్టి, ఇక ఆనందపురం వైపు నించి రాత్రిపూట వస్తే పురుగులు సరేసరి.

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున హనుమంతవాక దాటి జూ పార్క్ వైపు ఎక్కుతున్నా, ముందు కంకర లారీ, పైన టార్పాలిన్ లేదు, ఒక్కసారి దుమ్ము మొత్తం నా అద్దం మీదే. అద్దం మీద నీళ్ళు కొట్టే లీవర్ లాగాను. జుయ్యిమని సౌండ్ వచ్చింది, నీళ్ళు మాత్రం ఎడమ నాజిల్ (బోనెట్ మీద నీళ్ళు చిమ్మే చిన్న మూతి) నించి రెండే రెండు చుక్కలు బోనెట్ మీద జారాయి, కుడిది అదీ లేదు. వైపర్ మాత్రం తన పని తాను చేసేసింది, పొడి దుమ్ముని అర్ధచంద్రాకారంలో అద్దమంతా మెత్తింది, సరిగ్గా దాని మీద ఎండ. ఏమీ కనపడలేదు, నిజంగా ఏమీ. హజార్డ్ వేసి తల కిటికీలోంచి బయటపెట్టి మెల్లగా పక్కకి తీసా, వెనక బస్సు వాడు కొట్టిన హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. తాగే నీళ్ళ సీసా పోసి, డాష్‌బోర్డ్ మీదున్న పసుప్పచ్చ గుడ్డతో తుడిచి ఆఫీసుకి పోయా.

ఆ శనివారం నేను మామూలుగా సర్వీస్ చేయించే చోటికి వెళ్ళా, పేరు ఎందుకులెండి. అక్కడ అబ్బాయి బోనెట్ తెరిచి, లీవర్ రెండుసార్లు లాగి, టాబ్‌లో ఏదో నొక్కి "సార్ రెండు నాజిల్స్ పోయాయి, మోటార్ వీక్ అయింది, మూడూ మారుద్దాం, లేబర్‌తో 2,800 అవుతుంది" అన్నాడు. మోటార్ సౌండ్ బానే వస్తోంది కదా, ట్యాంక్ తీసి చూసారా అనడిగితే "అది తియ్యం సార్, బంపర్ పని ఉంటుంది" అన్నాడు. అంటే చూడకుండానే మూడు పార్టులు చెప్పాడన్నమాట. అప్పుడే మా ఆఫీసు క్యాబ్ డ్రైవర్ అన్న ఒకాయన "మెట్టు దగ్గరికి ఎల్లండి సార్, ఆ బాబాయ్ అదే పని మీద ఉంటాడు" అని చెప్పాడు.

బాబాయ్‌కి యాభై ఐదు ఉంటాయేమో, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉంటుంది, వైపర్ మోటార్లు, అద్దం మీదికి నీళ్ళు తోసే వాషర్ పంపులు, పవర్ విండోలు ఇవే చేస్తాడు, ఇంజిన్ ముట్టుకోడు. నేను సర్వీస్ వాళ్ళ ఎస్టిమేట్ కథ చెప్తుంటే వినలేదు, నేరుగా "లీవర్ లాగు బాబూ" అన్నాడు. లాగా. చెవి బోనెట్ పక్కన పెట్టి విన్నాడు. "మోటారు బతికే ఉంది. ఏడుస్తంది గానీ బతికే ఉంది. ఇంక లాగకు, నీళ్ళు లేకుండా తిప్పితే అప్పుడు నిజంగానే పోతాది." ఇది నాకు తెలీని విషయం, ఆ పంపులో ఉండే 12 వోల్టుల చిన్న మోటార్‌కి ట్యాంకులో నీళ్ళే చల్లదనం, ఎండిపోయిన ట్యాంకు మీద పది ఇరవై సెకన్లు అలా లాగి పట్టుకుంటే వేడెక్కి పాడవుతుందట. సౌండ్ అసలు రాకపోతే ఫ్యూజో, కనెక్టరో, మోటారో చూసుకోవాలి, ట్యాంకులో నీళ్ళుండి, సౌండ్ వచ్చి కూడా నీళ్ళు రాకపోతే చాలావరకు ఎక్కడో అడ్డం పడినట్టు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆ టాబ్ అబ్బాయిని అక్కడే అడిగేవాణ్ణి.

తర్వాత బోనెట్ కింద నాజిల్‌కి వచ్చే సన్న పైపు ఊడదీసి మళ్ళీ ఒక్కసారి లాగమన్నాడు. పైపులోంచి కూడా నీళ్ళు నీరసంగా కారాయి. "నాజిలు ఒక్కటే అయితే ఇక్కడ ఫోర్సుగా వచ్చీది. కింద కూడా ఉంది యవ్వారం." స్టీరింగ్ ఒక పక్కకి తిప్పించి, జాకీ పెట్టి ముందు చక్రం తీసి, చక్రం వెనకుండే నల్ల ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు స్క్రూడ్రైవర్‌తో టకటకా లేపేసాడు. లోపల ట్యాంకు. పై నించి మనం చూసేది మూతి మాత్రమే, అసలు పొట్ట అంతా కింద చక్రం పక్కన దాక్కుని ఉంటుంది, అందుకే ఎవడూ చూడడు.

కింద బేసిన్ పెట్టి పంపుని రబ్బర్ గ్రొమెట్‌లోంచి (పంపుని ట్యాంకుకి బిగించి ఉంచే రబ్బర్ రింగు) పట్టి లాగాడు. బుడుంగుమని నీళ్ళు దూకాయి. ఆ రంగు చెప్పాలి, చిక్కటి టీ కాదు, పల్చటి టీలో పాచి కలిపినట్టు, దాంట్లో పచ్చటి పీచులు తేలుతున్నాయి. వాసన అయితే ఎండాకాలం సగం ఎండిన చెరువు గట్టున నిలబడినట్టు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, రెండు నెలలుగా మా అమ్మ కారులో ఎక్కితే "ఏదో నీచు కంపు వస్తోందిరా" అంటూనే ఉంది, నేను ఏసీ అనుకుని ఏసీ ఫిల్టర్ కూడా మార్పించా. కంపు ఏసీది కాదు. అద్దం కింద, వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది చూడండి, క్యాబిన్‌లోకి బయటి గాలి పీల్చుకునేది అక్కణ్ణించే, మనం వాషర్ కొట్టినప్పుడు ఆ నీటి తుంపర కొంత అందులోంచి లోపలికి వస్తుంది. అంటే ఆ చెరువుని మేము పీలుస్తున్నామన్నమాట.

ఆ గ్రొమెట్ అడుగున వేలి గోరంత జాలీ గిన్నె ఉంది, చెత్త పంపులోకి పోకుండా. బాబాయ్ దాన్ని అరచేతిలో పెట్టి కళ్ళజోడు పెట్టుకుని నాకు చూపించాడు. జాలీ కనపడలేదు, దాని మీద మెత్తగా జిగురుగా ఒక తొడుగు, గోరుతో గీకితే కర్రీపాయింట్ సింకు గొట్టంలోంచి తీసినట్టు ఒక్క ముక్కగా ఊడొచ్చింది. "ఇదిగో నీ రెండు వేల ఎనిమిది వందలు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

"ఏటి బాబూ, ఏ నీళ్ళు పోస్తన్నావు దీంట్లో?"

నేను గర్వంగా "ఆర్‌వో నీళ్ళు బాబాయ్" అన్నా. "తాగీవా, పారబోసీవా?" అన్నాడు. అక్కడ దొరికిపోయా. మా ఇంట్లో ప్యూరిఫయర్ పక్కనుండే పైపు నించి బకెట్‌లోకి పడే వేస్ట్ నీళ్ళు ఉంటాయి కదా, పారబోయడం ఎందుకని నేను మూడేళ్ళుగా దాన్నే వాషర్ ట్యాంకులో పోస్తున్నా, పైగా నీళ్ళు ఆదా చేస్తున్నానని నలుగురికీ చెప్పుకున్నా కూడా. బాబాయ్ తల కొట్టుకున్నాడు. "మంచి నీళ్ళలోంచి సున్నం, ఉప్పు తీసి ఒక పక్కకి తోసీది కదా ఆ మిషను, ఆ తోసిన సున్నం అంతా ఆ బకెట్లో ఉంటాది. నువ్వు ఏరుకొచ్చి మరీ పోసావు." ఆలోచిస్తే అంతే కదా, ఇంత సింపుల్ లెక్క ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టలేదు. మాది బోరు నీళ్ళ అపార్ట్‌మెంటు, గీజర్ రాడ్ ఏడాదికోసారి తెల్లగా పేటు కడుతుంది, దాని ఆర్‌వో వేస్ట్ అంటే ఇంకా చిక్కటి సున్నం నీళ్ళు.

నాజిల్స్ బోనెట్ కింద నించి క్లిప్ నొక్కి బయటికి తోసి చూపించాడు. సూది మొనంత కన్నాలు, వాటి చుట్టూ పళ్ళకి గార పట్టినట్టు తెల్లటి గట్టి పొర. ప్రతిసారీ కొట్టాక ఆ చివర మిగిలే చుక్క వేడి బోనెట్ మీద ఎండిపోతుంది, నీళ్ళు పోతాయి, సున్నం మిగులుతుంది, రోజుకో పొర. అంటే కింద నాచు, పైన సున్నం, మధ్యలో పైపు. అందరం అద్దం మీద పడే నీళ్ళ గురించే ఆలోచిస్తాం గానీ ట్యాంకులో నెలల తరబడి ఊరే నీళ్ళ గురించి ఎవరమూ ఆలోచించం.

నన్ను పక్కన కిరాణా కొట్టుకి పంపాడు, వెనిగర్ సీసా తెమ్మని, గోబీ మంచూరియాలో పోసే ఆ తెల్లదే. 45 రూపాయలు. స్టీల్ గ్లాసులో వెనిగర్, అంతే నీళ్ళు పోసి నాజిల్స్ రెండూ వేసాడు. వెంటనే సన్నసన్నగా బుడగలు, సోడాలో వచ్చినట్టు. అరగంట అక్కడే ఉంచి, ఈలోగా ట్యాంకు పని. పది నెంబర్ బోల్టులు మూడు విప్పితే ట్యాంకు మొత్తం చేతికొచ్చింది, ఆ సర్వీస్ వాళ్ళు "తియ్యం" అన్న ట్యాంకు. దాంట్లో గోరువెచ్చని నీళ్ళు, రెండు గుప్పెళ్ళు నూకలు వేసి మూతి చేత్తో మూసి ఊపుతుంటే నాకు మా అమ్మమ్మ నూనె సీసాలు కడిగేది గుర్తొచ్చింది, అచ్చం అదే టెక్నిక్. నూకలు గోడలని రాకి నాచు ఊడగొడతాయి, బ్రష్ వెళ్ళని మూలలకి కూడా వెళ్తాయి. "నూక లోపల ఉండిపోతే మళ్ళీ పంపులో ఇరుక్కోదా బాబాయ్" అంటే మాట్లాడకుండా ట్యాంకుని ఎండకెత్తి చూపించాడు, తెల్లటి ప్లాస్టిక్ కదా లోపల ఏమున్నా నీడలా కనపడుతుంది, నాలుగు సార్లు పైపుతో కడిగి నాలుగు సార్లూ ఎండకెత్తి చూసాడు. ఆ ఓపిక చూసి నాకు నిజంగా ముచ్చటేసింది.

ఇంకో చిన్న పార్టు ఉంది, నేను పేరు కూడా వినలేదు. పైపు మధ్యలో ఉండే వన్‌వే వాల్వ్, బటాణీ గింజంత. నీళ్ళు వెనక్కి ట్యాంకులోకి జారిపోకుండా పైపు ఎప్పుడూ నిండుగా ఉంచడానికి అది, లేకపోతే లీవర్ లాగిన రెండు మూడు సెకన్లకి గానీ నీళ్ళు అద్దానికి చేరవు, ఈలోపు వైపర్ పొడి అద్దం మీద గీసేస్తుంది. దాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు, ఒక పక్క నించి ఊదితే గాలి పోవాలి, రెండో పక్క నించి పోకూడదు. మాది ఎటు ఊదినా పోలేదు, జిగురుతో బిగుసుకుపోయింది. ఆ కంపు నీళ్ళ పార్టుని నోట్లో పెట్టుకోవడం మాత్రం నాకు నచ్చలేదు, వద్దు బాబాయ్ అంటే "ముప్పై ఏళ్ళుగా ఊదుతున్నా, ఏటవుతాది" అన్నాడు.

ఏటవుతాదో తర్వాత ఇంటికొచ్చి చదివితే నాకు కొంచెం భయమేసింది. లెజియోనెల్లా అని ఒక బ్యాక్టీరియా, గోరువెచ్చగా నిలవున్న నీళ్ళలో పెరుగుతుంది, ఆ నీళ్ళ తుంపర పీలిస్తే కొందరికి ఒక రకం న్యుమోనియా వస్తుంది. బ్రిటన్‌లో హెల్త్ ప్రొటెక్షన్ ఏజెన్సీ వాళ్ళ పరిశోధన 2010లో వచ్చింది, వాషర్ ట్యాంకులో ఏ లిక్విడ్ కలపకుండా ఉత్త నీళ్ళు పోసుకునే డ్రైవర్లకి ఈ జబ్బు రిస్క్ ఎక్కువని, అక్కడక్కడా విడిగా వచ్చే కేసుల్లో 20 శాతం దాకా దీనికే అంటగట్టొచ్చని వాళ్ళ అంచనా. అది చలి దేశం. మన వైజాగ్ మే నెలలో ఇంజిన్ పక్కన కూర్చున్న ట్యాంకు సంగతి మీరే ఊహించుకోండి. అలాగని భయపడి చావక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు, కానీ మా నాన్నకి ఎప్పణ్ణించో ఆస్తమా, ముందు సీట్లో కూర్చునేది ఆయనే. అందుకే ఇప్పుడు వాషర్ కొట్టే ముందు ఏసీని రీసర్కులేషన్‌లో, అంటే బయటి గాలి లోపలికి రాకుండా, పెట్టడం అలవాటు చేసుకున్నా.

మళ్ళీ షెడ్డుకి వద్దాం. వెనిగర్‌లోంచి తీసిన నాజిల్స్‌ని కంప్రెసర్ గాలితో వెనక నించి ముందుకి కాకుండా ముందు నించి వెనక్కి ఊదాడు, అడ్డం పడింది వచ్చిన దారినే బయటికి పోవాలి కదా. పైపు తగిలించి ఉండగా గాలి కొట్టకూడదట, లోపల జాయింట్లు ఊడిపోయి నీళ్ళు బోనెట్ లోపలే కారిపోతాయి, ఇంట్లో చేసుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. అలాగే గుండుసూది గుచ్చడం. నేనూ ఒకసారి గుచ్చా, కన్నం వెడల్పయితే నీళ్ళు ధారలా కాకుండా కారుతాయి, సూది విరిగి ఇరుక్కుందంటే ఇంక నాజిల్ మార్చుకోవడమే. బాబాయ్ పాత టూత్‌బ్రష్ పీచు ఒకటి తీసి దాంతో పొడిచాడు.

అన్నీ బిగించి, ట్యాంకులో ముందు వెనిగర్ కలిపిన నీళ్ళు కొంచెం పోసి అద్దం మీద గుడ్డ కప్పి కొట్టించాడు, పెయింట్ మీద పడిన చోట వెంటనే నీళ్ళు పోసి కడిగేసాడు. ఆ తర్వాత ఉత్త మంచి నీళ్ళతో రెండు సార్లు మొత్తం ఖాళీ అయ్యేదాకా, మధ్యమధ్యలో ఆపుతూ. వెనిగర్ లోపల వదిలేస్తే రబ్బర్‌కి, పంపుకి మంచిది కాదట. చివరికి ధార సెట్టింగ్. నాజిల్ లోపల చిన్న గుండు లాంటిది ఉంటుంది, దాన్ని సూదితో ఒక వెంట్రుక అంత కదిపితే ధార అరడుగు మారుతుంది. అద్దం మధ్యకి కాస్త పైన పడేలా పెట్టాడు, హైవే మీద స్పీడుగా పోతే ఎదురుగాలికి ధార కిందకి వంగుతుంది కాబట్టి. లీవర్ లాగితే, అబ్బా, రెండు వైపులా కత్తిలా కొట్టింది, పైన రూఫ్ దాటి వెనక నిలబడ్డ ఆటో డ్రైవర్ మీద కూడా పడింది, వాడు "ఓలమ్మో" అని తిట్టాడు, అది వేరే కథ. తర్వాత కాస్త దించాడు.

బిల్లు: వాల్వ్ 60, జాలీతో కొత్త గ్రొమెట్ 60, లేబర్ 400. మొత్తం 520, నేను తెచ్చిన వెనిగర్ కాకుండా. రెండు గంటల పావు పట్టింది. మోటార్ పాతదే, నాజిల్స్ పాతవే.

ఇక నచ్చనివి, ఎందుకంటే ఉత్త పొగడ్త రివ్యూలు నాకే నచ్చవు. బిల్లు కాగితం ఇవ్వడు, గ్యారంటీ అడిగితే "నేనే గ్యారంటీ" అంటాడు. ఫోన్ ఎత్తడు. బండి సందులో రోడ్డు మీదే పెట్టాలి, ఒకసారి పాల వ్యాన్ వస్తే చక్రం లేకుండా జాకీ మీదున్న నా బండిని చూసి ఆ డ్రైవర్ గొడవ. ఇంకోటి, లైనర్ క్లిప్పుల్లో ఒకటి సరిగ్గా నొక్కలేదు, నాలుగో రోజు సత్యం జంక్షన్ దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కితే లైనర్ ఊడి చక్రానికి రాసుకుంటూ బర్రుమని సౌండ్. మళ్ళీ వెళ్తే ఫ్రీగా నొక్కి ఇచ్చాడు, ఒక్క మాట సారీ అయితే చెప్పలేదు, "పాత క్లిప్పు బాబూ, అది అంతే" అన్నాడు. అలాంటి చోట కొత్త క్లిప్పు పది రూపాయలు తీసుకుని వేసేయొచ్చు కదా. అందుకే 5కి 4 ఇస్తున్నా.

ఏం పొయ్యాలి అనే విషయం మీద బాబాయ్‌కీ నాకూ కొంచెం తేడా ఉంది. ఆయన లెక్క ప్రకారం శుభ్రమైన నీళ్ళు చాలు, రెండు నెలలకోసారి ఖాళీ చేసి నింపు. నేను మాత్రం వాషర్ లిక్విడ్ కలుపుతున్నా, ఆ నాచు చూసాక ఉత్త నీళ్ళు పోసే ధైర్యం లేదు. బజార్లో చిన్న సీసాల్లో కాన్సంట్రేట్ దొరుకుతుంది, సీసా మీద ఎంత నీళ్ళకి ఎంత అని రాసుంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కోలా కాబట్టి చదివి కలపండి. చిక్కగా పోస్తే బాగా పనిచేస్తుందనుకోవడం తప్పు, ఆరాక అద్దం మీద మరక ఉంటుంది. రంగు చూసి మోసపోకండి. ఒక ఫోమ్ వాష్ వాళ్ళు 150 తీసుకుని నీలం నీళ్ళు నింపి ఇచ్చారు నాకు, వాసనా లేదు నురగా లేదు పురుగు మరక కూడా పోలేదు, రంగు ఒక్కటే ఉంది. రెండు కంపెనీలవి కలపొద్దు, కొన్ని కలిస్తే జెల్లీలా అయ్యి మళ్ళీ ఆ జాలీకే పడుతుందట, మార్చాలంటే పాతది ఖాళీ చేసి కడిగి పోసుకోండి. మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి యాంటీఫ్రీజ్ ఉన్న ఖరీదైన ఇంపోర్టెడ్ సీసాలు కూడా అక్కర్లేదు.

షాంపూ సాచెట్, సర్ఫ్, గిన్నెల సబ్బు, ఇవి పోసేవాళ్ళే బాబాయ్‌కి ఎక్కువ గిరాకీ ఇస్తారట. నురగ ఎక్కువొచ్చి రాత్రిపూట ఎదుటి లైట్లకి అద్దమంతా ఇంద్రధనుస్సులా మెరుస్తుంది, షాంపూలో జుట్టు మెరవడానికి వేసేవన్నీ అద్దం మీద జిడ్డుగా మిగులుతాయి. ఒకాయన అయితే బాత్‌రూమ్ కడిగే యాసిడ్ నీళ్ళు పోసి తెచ్చాడట, నాజిల్ చుట్టూ పెయింట్ లేచిపోయి. మా బామ్మర్ది వీళ్ళందరికంటే మేధావి, వాషర్ ట్యాంకు అనుకుని సబ్బు నీళ్ళు కూలెంట్ ట్యాంకులో పోసాడు, ఆ కథకి రేడియేటర్ మొత్తం ఫ్లష్ చేయించాల్సొచ్చింది. మూత మీద అద్దం, దాని మీద నీళ్ళు చిమ్ముతున్న బొమ్మ ఉంటుంది, అది చూసి పొయ్యండి, తొందరేం లేదు.

నీళ్ళకి నేను ఇప్పుడు బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ వాడుతున్నా, 5 లీటర్లది కొంటే నాకు రెండు నెలలు వస్తోంది. డబ్బు దండగ అనుకునేవాళ్ళు ఏసీ పైపు నించి కారే నీళ్ళు పట్టుకోవచ్చు, గాలిలో తేమ చల్లబడి కారేవి కాబట్టి దాంట్లో సున్నం ఉండదు, మన ఊరి ఉక్కకి రాత్రికి బకెట్ నిండుతుంది కూడా. కాకపోతే ఆ ఏసీ కాయిల్ మీది దుమ్ము, పాచి దాంతోపాటు వస్తాయి, గుడ్డలో వడకట్టి, లిక్విడ్ కలిపి, వెంటనే వాడేయాలి, నెలల తరబడి క్యాన్‌లో దాచొద్దు. ఆర్‌వో వేస్ట్ మాత్రం వద్దే వద్దు, దాంతో నేల తుడుచుకోండి.

ఇప్పటికి రెండు నెలలైంది. రోజూ పొద్దున మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక్కసారి కొడతా, అలవాటైపోయింది, సన్నగా రెండు ధారలు లేచి అద్దం మీద పడుతుంటే చూడ్డానికే బాగుంటుంది. కంపు పోయింది. మా అమ్మ ఎక్కి వాసన చూసి "ఏసీ బాగుచేయించావా" అంది, అవునన్నా, మళ్ళీ ఆ చెరువు కథ చెప్తే ఇంక ఎక్కదేమోనని. వైపర్ రబ్బర్లు కూడా వారానికోసారి తడిగుడ్డతో రెండు వేళ్ళ మధ్య పట్టి తుడుస్తున్నా, మొదటిసారి గుడ్డ మీద నల్లటి గీత చూసి ఇదంతా అద్దం మీద రుద్దుతున్నామా అనిపించింది, బీచ్ రోడ్డు వైపు వెళ్ళొచ్చిన మర్నాడు అయితే ఉప్పు రవ్వలు చేతికే తెలుస్తాయి.

వెళ్ళేవాళ్ళకి: ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర లోపు వెళ్తే మొదటి బండి మీదే, పదకొండు దాటితే ఆటోలు వరసకట్టేస్తాయి. ఫోన్‌పే ఉంది గానీ సౌండ్ బాక్స్ పాడైంది, డబ్బు పడిందో లేదో ఆయన మనవరాలు చూసి చెప్పేదాకా ఆగాలి, చిల్లర తీసుకెళ్ళండి. వెనిగర్ కూడా ముందే కొనుక్కెళ్ళండి, ఆ కిరాణా కొట్టు మధ్యాహ్నం మూసేస్తారు.